ఇఫ్ పక్కన ‘హ్యాడ్’, అవతల ఉత్త ‘వుడ్’: మిక్స్‌డ్ కండిషనల్స్ ఎవరైనా విడమరిచి చెప్తారా?

1. తెల్లకాగితం

అందరికీ నమస్కారం. పోటీ పరీక్ష కోసం ఇంగ్లిష్ గ్రామర్ మొదటి నుంచి చదువుకుంటూ వస్తున్నాను. ఇఫ్ వాక్యాల్లో జీరో, ఫస్ట్, సెకండ్, థర్డ్ నాలుగూ పట్టిక గీసుకుని బట్టీ పట్టాను. ‘ఇఫ్’ పక్కన వి2 వస్తే అవతల ‘వుడ్’ ప్లస్ వి1 (గో, వెంట్, గాన్ వరసలో గో వి1, వెంట్ వి2, గాన్ వి3). ‘ఇఫ్’ పక్కన ‘హ్యాడ్’ ప్లస్ వి3 వస్తే అవతల ‘వుడ్ హ్యావ్’ ప్లస్ వి3. నిద్రలో లేపి అడిగినా చెప్తాను.

నిన్న రాసిన మాక్ టెస్టులో ఈ బిట్ వచ్చింది:

“ఇఫ్ షి హ్యాడ్ టేకెన్ దట్ జాబ్, షి ______ అబ్రాడ్ నౌ.”
ఎ) వుడ్ హ్యావ్ లివ్‌డ్ బి) వుడ్ బి లివింగ్ సి) విల్ లివ్ డి) లివ్‌డ్

‘హ్యాడ్ టేకెన్’ కనబడగానే కళ్లు మూసుకుని ఎ పెట్టాను. కీలో బి ఇచ్చారు. వివరణ దగ్గర ‘మిక్స్‌డ్ కండిషనల్’ అని రెండు మాటలు రాసి వదిలేశారు. ఎడమ పక్క థర్డ్, కుడి పక్క సెకండ్. ఇలా ఎవరు కలపమన్నారు? ఎప్పుడు కలపాలో ఎలా తెలుస్తుంది? దీనికి ఇంకో పట్టిక ఉంటే చెప్పండి, అదీ బట్టీ పట్టేస్తాను.

2. రెండోబెంచి

చివర ‘నౌ’ ఉంది, చూడలేదా? అదే క్లూ. ‘నౌ’, ‘టుడే’, ‘స్టిల్’ లాంటివి కనబడితే ‘వుడ్’ ప్లస్ వి1, లేకపోతే ‘వుడ్ హ్యావ్’. నేను ఈ ఒక్క చిట్కాతోనే బిట్లు పెడుతున్నాను. పరీక్షకి ఇది చాలు.

3. పాతబడిపంతులు

తెల్లకాగితం గారూ, ఇంకో పట్టిక వద్దు. ఉన్న పట్టికే మిమ్మల్ని పక్కదారి పట్టించింది. అందులో ఎడమ గడినీ కుడి గడినీ ఒకే వరసలో చూసి చూసి, ఆ రెండింటికీ పెళ్లయిపోయిందని అనుకున్నారు. అలాంటి ముడి ఏదీ లేదు. ఇఫ్ ముక్క తన కాలం తాను చూసుకుంటుంది, ఫలితం ముక్క తన కాలం తాను చూసుకుంటుంది. రెండూ ఇప్పటివైతే దానికి సెకండ్ అని పేరు పెట్టారు. రెండూ గడిచిపోయినవైతే థర్డ్ అన్నారు. ఒకటి అక్కడా ఒకటి ఇక్కడా పడితే మిక్స్‌డ్ అన్నారు. ఇందులో మీకు తెలియని క్రియారూపం ఒక్కటి కూడా లేదు.

మీ బిట్‌ని ముందు తెలుగులో అనుకోండి. “ఆవిడ ఆ ఉద్యోగంలో చేరి ఉంటే ఇప్పుడు విదేశంలో ఉండేది.” చేరడమో చేరకపోవడమో ఎప్పటి మాట? ఎప్పుడో తేలిపోయిన మాట. విదేశంలో ఉండడం? ఈ క్షణం మాట. మొదటి ముక్క గతం కాబట్టి ‘హ్యాడ్ టేకెన్’. రెండో ముక్క వర్తమానం కాబట్టి ‘వుడ్ బి లివింగ్’. ‘నౌ’ అన్న మాట చెరిపేసినా, సంగతి ఇప్పటిదని మనకి తెలిస్తే జవాబు మారదు.

దీని అడుగున ఉన్న సంగతి కూడా చెప్తాను, అది పట్టుబడితే పట్టికతో పని ఉండదు. “ఇఫ్ ఐ న్యూ హర్ నంబర్, ఐ వుడ్ కాల్ హర్.” నంబరు తెలియంది ఎప్పుడు? ఇప్పుడే. మరి ‘నో’ అనకుండా ‘న్యూ’ అని పాస్ట్ ఎందుకు వాడారు? జరగనిదాన్ని ఊహించేటప్పుడు ఇంగ్లిష్ తన క్రియని ఒక మెట్టు వెనక్కి జరుపుతుంది. “ఇది నిజానికి దూరం” అని చెప్పే పద్ధతి అది. ఇప్పటి సంగతైతే ‘నో’ కాస్తా ‘న్యూ’ అవుతుంది. గతం సంగతైతే క్రియ అప్పటికే ‘న్యూ’ దగ్గర ఉంది, ఇంకో మెట్టు దిగి ‘హ్యాడ్ నోన్’ అవుతుంది. అవతల పక్కా అంతే. ఇప్పటి ఊహాఫలితానికి ‘వుడ్’, గడిచిన ఊహాఫలితానికి ‘వుడ్ హ్యావ్’. ప్రతి ముక్కనీ విడిగా “ఎప్పటి మాట?” అని అడిగి మెట్లు దిగితే సరిపోతుంది.

ఇంకో వాక్యం చూడండి. “ఇఫ్ పెనిసిలిన్ హ్యాడ్ నాట్ బీన్ డిస్కవర్డ్ ఇన్ 1928, మెనీ ఆఫ్ అస్ వుడ్ నాట్ బి అలైవ్ టుడే.” కనుక్కోవడం 1928లో అయిపోయింది. మనం బతికి ఉండడం ఈ రోజు. అవతల ‘వుడ్ నాట్ హ్యావ్ బీన్ అలైవ్’ అని రాసి చూడండి. మన బతుకు కూడా అయిపోయిన కథలా వినబడుతుంది.

4. తెల్లకాగితం

మాస్టారూ, చాలా థాంక్స్. “రెండింటికీ పెళ్లయిపోయిందని అనుకున్నారు” అన్నది నూటికి నూరుపాళ్లు నిజం. ఇన్నాళ్లూ ‘ఇఫ్’ వైపు మాత్రమే చూసి, అవతల ముక్క చదవకుండానే జవాబు పెడుతున్నాను.

కానీ ఒక చోట ఆగిపోయాను. గతంలో కారణం, ఇప్పుడు ఫలితం అంటే అర్థమైంది. దీనికి తిరగేసిన రకం కూడా ఉందని ఎక్కడో చదివాను: ఇఫ్ వైపు వర్తమానం, అవతల గతం. అదెలా కుదురుతుంది? ఇవాళ్టి కారణానికి నిన్నటి ఫలితం రాదు కదా.

5. అనువాదకురాలు

ఈ ప్రశ్న నన్నూ చాలాకాలం వేధించింది, అందుకే నేను చెప్తాను.

చంద్రుడి మీద గాలి లేదు. 1969లో మనుషులు మొదటిసారి అక్కడ అడుగుపెట్టినప్పుడూ లేదు, ఇవాళా లేదు. ఇప్పుడు ఈ వాక్యం చూడండి: “ఇఫ్ ద మూన్ హ్యాడ్ విండ్, దోజ్ ఫుట్‌ప్రింట్స్ వుడ్ హ్యావ్ డిసపియర్డ్ లాంగ్ అగో.” చంద్రుడి మీద గాలే ఉంటే ఆ అడుగుజాడలు ఏనాడో చెరిగిపోయేవి. ఇఫ్ ముక్కలో చెప్పింది ఇవాళ ఒక్క రోజు సంగతి కాదు, చంద్రుడి స్వభావం. ఎప్పుడూ ఉండేదాన్ని ఇంగ్లిష్ మామూలుగా ప్రెజెంట్‌లో చెబుతుంది: “ద మూన్ హ్యాజ్ నో విండ్.” ఊహలోకి వచ్చేసరికి అది ఒక మెట్టు దిగి ‘హ్యాడ్’ అయింది. చెరిగిపోవడం మాత్రం గతంలో జరిగిపోయి ఉండాల్సిన పని, అందుకే ‘వుడ్ హ్యావ్’.

కాబట్టి ఈ రకంలో ఇవాళ్టి కారణం నిన్నటికి పోవడం లేదు. నిన్నా ఉన్న, ఇవాళా ఉన్న గుణం నిన్న ఒక పని చేయించింది, లేదా చేయనివ్వలేదు. మనిషి స్వభావం, ఎత్తు, భాష రావడం రాకపోవడం, బంధుత్వం, ఇవన్నీ ఇక్కడికే వస్తాయి. “ఇఫ్ ఐ స్పోక్ ఫ్రెంచ్, ఐ వుడ్ హ్యావ్ అండర్‌స్టుడ్ హిజ్ లెటర్.” ఫ్రెంచ్ నాకు అప్పుడూ రాదు, ఇప్పుడూ రాదు. “ఇఫ్ షి వర్ నాట్ మై సిస్టర్, ఐ వుడ్ నాట్ హ్యావ్ ఫర్‌గివెన్ హర్.” ఇక్కడ ‘వర్ నాట్’ బదులు ‘హ్యాడ్ నాట్ బీన్’ అని రాస్తే, ఇప్పుడు అక్క కాకుండా పోయినట్టు వినిపించే ప్రమాదం ఉంది!

పై చంద్రుడి వాక్యంలో ‘హ్యాడ్’ ఉంది కాబట్టి థర్డ్ అనుకోకండి. అక్కడ అది సహాయక క్రియ కాదు, ‘కలిగి ఉండు’ అన్న అసలు క్రియ, దాని వి2. పక్కన వి3 లేదు, ‘విండ్’ అన్న నామవాచకం ఉంది. అదే గతానికి ముడిపెట్టి చెప్పాల్సి వస్తే ‘హ్యాడ్ హ్యాడ్’ అని రెండుసార్లు వస్తుంది: “ఇఫ్ ఐ హ్యాడ్ హ్యాడ్ టైమ్ ఎస్టర్డే”. అచ్చుతప్పులా కనిపిస్తుంది గానీ పూర్తిగా సరైన ఇంగ్లిషే.

6. నిశాచరి

అనువాదకురాలు గారితో కొంచెం విభేదిస్తున్నాను. నేను చదువుకునేటప్పుడు ఫలితం గతమైతే ఇఫ్ ముక్కలో కూడా ‘హ్యాడ్ బీన్’, ‘హ్యాడ్ నోన్’ రాస్తేనే సరైనదని చెప్పారు. “ఇఫ్ హి హ్యాడ్ నోన్ హౌ టు స్విమ్, హి వుడ్ హ్యావ్ జంప్‌డ్ ఇన్.” ఇందులో తప్పేముంది? ‘నోన్’ తీసేసి ‘న్యూ’ పెట్టాల్సిన అవసరం ఏమొచ్చింది? అనవసరంగా కొత్త రకాలు పుట్టించి పిల్లల్ని కంగారు పెడుతున్నారేమో అనిపిస్తుంది.

7. అనువాదకురాలు

నిశాచరి గారూ, మీ వాక్యంలో తప్పు లేదు. మీరు ఇచ్చిన ఈత ఉదాహరణే తీసుకుందాం, ఇంతకంటే మంచిది నాకు దొరకదు.

ఎవరో నీళ్లలో పడ్డారు. ఒడ్డున ఉన్నతను దూకలేదు, ఈత రాదు కాబట్టి. ఆ తర్వాత అతను ఈత నేర్చుకున్నాడు, ఇప్పుడు బాగా వచ్చు. అప్పుడు “ఇఫ్ హి న్యూ హౌ టు స్విమ్” అంటే అబద్ధం అవుతుంది, ఎందుకంటే ఇప్పుడు వచ్చు. అక్కడ ‘హ్యాడ్ నోన్’ తప్ప దారి లేదు. అతనికి ఈత ఇవాళ్టికీ రాకపోతే మాత్రం రెండూ చెల్లుతాయి. ‘హ్యాడ్ నోన్’ అంటే ఆ రోజు పరిస్థితి మాత్రమే చెప్పి ఊరుకుంటారు. ‘న్యూ’ అంటే “ఇప్పటికీ రాదు సుమా” అన్న కబురు కూడా అందులోనే చేరుతుంది. ఒక్క మాటలో రెండు కాలాల సమాచారం ఇమిడిపోతుంది. ఈ సదుపాయం భాషలో ఉన్నప్పుడు వదులుకోవడం ఎందుకు?

8. నిశాచరి

ఇది నాకెవరూ ఇలా చెప్పలేదు. ‘హ్యాడ్ నోన్’ అని ఉంటే తర్వాత నేర్చుకుని ఉండొచ్చు, ‘న్యూ’ అని ఉంటే ఇంకా రాదు. ఒప్పుకుంటున్నాను, తేడా ఉంది.

9. రెండోబెంచి

ఇలాంటిదే ఇంకోటి నా నోట్సులో ఉంది, మిక్స్‌డ్ కింద రాసుకున్నాను: “ఇఫ్ హి లెఫ్ట్ ఎట్ సిక్స్, హి విల్ బి ఎట్ హోమ్ నౌ.” ఇఫ్ వైపు పాస్ట్, అవతల ‘విల్’. సెకండూ ఫస్టూ కలిసిన మిక్స్‌డ్ కదా?

10. పాతబడిపంతులు

దాన్ని మిక్స్‌డ్ కింద రాసుకుంటే ముందు ముందు ఇబ్బంది పడతారు. చూడ్డానికి కలగాపులగంగా ఉంది, నిజమే. కానీ మనం ఇంతవరకు మాట్లాడుకున్న వాక్యాలన్నీ జరగనివాటి గురించి. ఉద్యోగంలో చేరలేదు, చంద్రుడి మీద గాలి లేదు. మీ వాక్యంలో అతను ఆరింటికి బయల్దేరాడో లేదో చెప్పేవాడికి తెలియదు. బయల్దేరే ఉండొచ్చు. నిజం కావడానికి అవకాశం ఉన్న మాటని మెట్టు దించరు. ‘లెఫ్ట్’ అక్కడ నికార్సయిన పాస్ట్, గడిచిన సంగతి కాబట్టి వచ్చింది.

తెలుగులో ఈ తేడా అద్భుతంగా వినిపిస్తుంది, గట్టిగా పైకి చదివి చూడండి:

“ఆరింటికి బయల్దేరి ఉంటే ఇప్పుడు ఇంట్లో ఉంటాడు.”
“ఆరింటికి బయల్దేరి ఉంటే ఇప్పుడు ఇంట్లో ఉండేవాడు.”

మొదటిది వింటే అతను ఇంట్లో ఉన్నాడేమో ఫోన్ చేసి చూద్దాం అనిపిస్తుంది. రెండోది వింటే అతను బయల్దేరలేదనీ, ఇంట్లో లేడనీ వెంటనే తెలిసిపోతుంది. మొదటి సగం రెండింటిలోనూ అక్షరం తేడా లేకుండా ఒకటే. తేడా అంతా చివరి క్రియలో ఉంది: ఉంటాడు, ఉండేవాడు. ఇంగ్లిష్‌లో అయితే రెండు ముక్కలూ మారాలి. మొదటిదానికి “ఇఫ్ హి లెఫ్ట్ ... హి విల్ బి”. రెండోదానికి “ఇఫ్ హి హ్యాడ్ లెఫ్ట్ ... హి వుడ్ బి”. అసలైన మిక్స్‌డ్ ఆ రెండోది.

11. అనువాదకురాలు

మాస్టారు చెప్పిన ఈ ‘అక్షరం తేడా లేదు’ అన్న మాట దగ్గర కాసేపు ఆగాలనిపిస్తోంది. మన తెలుగువాళ్లు మిక్స్‌డ్ కండిషనల్స్ దగ్గర ఎందుకు తడబడతారో అక్కడే ఉందని నా నమ్మకం.

బడిలో చేదర్థకం అని చదువుకున్నాం, గుర్తుందా? వస్తే, చూస్తే, ఉంటే. అవి అసమాపక క్రియలు. వాటికంటూ సొంత కాలం లేదు. ‘వస్తే’ అన్న మాట రేపటికీ పనికొస్తుంది (“వస్తే చూద్దాం”), నిన్నటికీ పనికొస్తుంది (“వస్తే చూసేవాళ్లం”). కాలం అంతా వాక్యం చివర ఉన్న సమాపక క్రియ మోస్తుంది. ఇంగ్లిష్‌లో ‘ఇఫ్’ తర్వాత వచ్చేది పూర్తి క్రియ, దానికి కాలం పెట్టక తప్పదు. అంటే మనం ఒక్కసారి తేల్చుకునేదాన్ని వాళ్లు రెండుసార్లు తేల్చుకోవాలి. ‘ఉండి ఉంటే’, ‘చేరి ఉంటే’ అని మనం కొంత స్పష్టత తెచ్చుకుంటాం గానీ, మాటల్లో చాలాసార్లు ‘ఉంటే’తోనే సరిపెట్టేస్తాం.

చివరి క్రియ అయినా గట్టిగా చెబుతుందా అంటే, పూర్తిగా చెప్పదు. “డబ్బుంటే కొనేవాణ్ణి.” ఈ రెండు మాటల్ని ఇంగ్లిష్‌లో పెట్టండి చూద్దాం. ఇప్పుడు చేతిలో డబ్బు లేదు, ఇప్పుడు కొనడం లేదు అనుకుంటే “ఇఫ్ ఐ హ్యాడ్ మనీ, ఐ వుడ్ బై ఇట్.” ఆ రోజు డబ్బు లేదు, ఆ రోజు కొనలేదు అనుకుంటే “ఇఫ్ ఐ హ్యాడ్ హ్యాడ్ మనీ, ఐ వుడ్ హ్యావ్ బాట్ ఇట్.” నా దగ్గర ఎప్పుడూ డబ్బుండదు, అందుకే ఆ రోజు కొనలేదు అనుకుంటే “ఇఫ్ ఐ హ్యాడ్ మనీ, ఐ వుడ్ హ్యావ్ బాట్ ఇట్.” ఒక్క తెలుగు వాక్యానికి మూడు ఇంగ్లిష్ వాక్యాలు, మూడూ సరైనవే. పైగా ‘కొనేవాణ్ణి’ అంటే అలవాటుగా కొంటూ ఉండేవాణ్ణి అని కూడా అర్థం ఉంది. విచిత్రం ఏమిటంటే ఇంగ్లిష్ ‘వుడ్’కీ అలాంటి అర్థమే ఉంది. “ఎవ్రీ ఈవ్‌నింగ్ హి వుడ్ సిట్ దేర్” అంటే రోజూ సాయంత్రం అక్కడ కూర్చునేవాడు. సంబంధం లేని రెండు భాషలు గతంలోని అలవాటునీ, జరగని ఊహనీ ఒకే రూపంలో పెట్టుకోవడం నాకు ఎప్పుడు తలుచుకున్నా ఆశ్చర్యంగానే ఉంటుంది.

అనువాదం మొదలుపెట్టిన కొత్తలో ఒక కథలో “నాన్న ఉంటే నన్ను చదివించేవాడు” అన్న వాక్యాన్ని అనుమానం లేకుండా థర్డ్‌లో పెట్టేశాను. కథలో ఆ అమ్మాయి ఇంకా చదువు వయసులోనే ఉంది, బాధ ఇప్పటిది. “ఇఫ్ ఫాదర్ హ్యాడ్ బీన్ అలైవ్, హి వుడ్ హ్యావ్ సెంట్ మి టు స్కూల్” అనేసరికి, ఎప్పుడో పెద్దదైపోయిన ఆవిడ వెనక్కి తిరిగి చూసుకుంటున్నట్టు తయారైంది. కథ పట్టే మారిపోయింది. చివరికి “ఇఫ్ ఫాదర్ వర్ అలైవ్, హి వుడ్ సెండ్ మి టు స్కూల్” అని సరిదిద్దుకున్నాను. తండ్రి పోకుండా ఉండాల్సిందన్న బాధ కూడా వినిపించాలంటే “ఇఫ్ ఫాదర్ హ్యాడ్ నాట్ డైడ్, ఐ వుడ్ బి ఇన్ స్కూల్ నౌ” అనొచ్చు. పోవడం గతం, బడికి దూరంగా ఉండడం ఇవాళ. ఆ రోజు నుంచి ప్రతి వాక్యాన్నీ అలా రెండు ముక్కలుగా విడదీసి అడుగుతాను.

సంస్కృతం చదివినవాళ్లకి లృఙ్ లకారం అనే క్రియారూపం గుర్తుకొచ్చి ఉంటుంది. జరగని పనికి అక్కడ షరతులోనూ ఫలితంలోనూ కూడా ఆ లకారమే పెడతారు. మన వాక్యానికి అలాంటి జోడీ కట్టుబాటు లేదు.

12. కొత్తగొంతు

రాయడం వరకు సరే, నా బాధ వినడంతో. ‘హ్యాడ్’నీ ‘వుడ్’నీ రెండింటినీ కుదించి ఉత్త ‘డ్’ చేసేస్తారు. “ఇఫ్ ఐడ్ నోన్, ఐడ్ బి దేర్ నౌ” అని పలికితే రెండు ‘ఐడ్’లూ ఒకేలా వినబడతాయి. ఏది ఏదో ఎలా పట్టుకోవాలి?

13. పాతబడిపంతులు

పక్కన వచ్చే క్రియ చెప్పేస్తుంది. ‘ఐడ్’ తర్వాత వి3 వస్తే అది ‘హ్యాడ్’: ఐడ్ నోన్, ఐడ్ గాన్. వి1 వస్తే ‘వుడ్’: ఐడ్ బి, ఐడ్ గో. ‘ఐడ్ హ్యావ్ గాన్’ కూడా ‘వుడ్’ కిందకే వస్తుంది, ఎందుకంటే ‘హ్యావ్’ వి1. ‘కమ్’, ‘రన్’, ‘పుట్’ లాంటి వాటిలో వి1, వి3 ఒకటే కాబట్టి ఈ ఆధారం పనిచేయదు. అక్కడ చోటు చూడాలి. ‘ఇఫ్’ని ఆనుకుని ఉన్నది సాధారణంగా ‘హ్యాడ్’. ఇఫ్ ముక్కలో ‘వుడ్’ రాదన్న నియమం ఇక్కడ అక్కరకొస్తుంది. “ఇఫ్ యు వుడ్ వెయిట్ హియర్” లాంటి మర్యాదమాటలు వేరు, అవి ఊహలు కావు, విన్నపాలు.

‘వుడ్ హ్యావ్’ని వేగంగా అంటే ‘వుడవ్’ అవుతుంది. అది విని ‘వుడ్ ఆఫ్’ అని రాసేవాళ్లు ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్లలోనూ ఉన్నారు. రాతలో అది తప్పు. అలాగే అమెరికన్ల మాటల్లో “ఇఫ్ ఐ వుడ్ హ్యావ్ నోన్” అని వినబడుతుంది. మాటల్లో విన్నా పరీక్షలో మాత్రం రాయకండి.

ఇంకొకటి, చదివేటప్పుడు ‘ఇఫ్’ లేకుండా కూడా ఎదురవుతుంది. “హ్యాడ్ ఐ నోన్, ఐ వుడ్ నాట్ బి హియర్ నౌ.” ‘హ్యాడ్’ ముందుకొస్తే ‘ఇఫ్’ తప్పుకుంటుంది. ప్రశ్న గుర్తు లేదు కాబట్టి ప్రశ్న అనుకోకూడదు.

14. తెల్లకాగితం

అందరూ ఇంత ఓపిగ్గా చెప్పారు, ఊరికే చదివి పోతే మర్యాద కాదు. సొంతంగా ఐదు రాశాను, దిద్దిపెట్టండి.

ఒకటి: “ఇఫ్ ఐ హ్యాడ్ స్లెప్ట్ ఎర్లీ లాస్ట్ నైట్, ఐ వుడ్ నాట్ బి స్లీపీ నౌ.”
రెండు: “ఇఫ్ ఐ వాజ్ గుడ్ ఎట్ మ్యాథ్స్, ఐ వుడ్ హ్యావ్ ఫినిష్డ్ ద పేపర్ ఎస్టర్డే.”
మూడు: “ఇఫ్ హి హ్యాడ్ వాటర్డ్ ద ప్లాంట్, ఇట్ వుడ్ నాట్ హ్యావ్ డైడ్ నౌ.”
నాలుగు: “ఇఫ్ ఐ వుడ్ హ్యావ్ సేవ్డ్ ద ఫైల్, ఐ వుడ్ నాట్ బి టైపింగ్ ఇట్ అగైన్.” (మాస్టారి పోస్ట్ చదవక ముందు రాసింది, తప్పని ఇప్పుడు తెలిసింది, అయినా పెడుతున్నాను.)
ఐదు: “ఇఫ్ ఐ హ్యాడ్ నాట్ ఎన్ ఎగ్జామ్ టుమారో, ఐ వుడ్ హ్యావ్ కమ్ టు ద మ్యాచ్ లాస్ట్ ఈవ్‌నింగ్.”

15. పాతబడిపంతులు

మొదటిది నిర్దోషం. నాలుగోది మీకే తెలిసిపోయింది, ‘ఇఫ్ ఐ హ్యాడ్ సేవ్డ్’.

రెండోదానిలో ఆలోచన సరిగ్గా ఉంది. లెక్కల్లో చురుకుదనం స్వభావం, పేపరు పూర్తిచేయడం నిన్నటి పని. ‘ఐ వాజ్’ మాటల్లో బాగా వినిపిస్తుంది, పరీక్షలో మాత్రం ‘ఐ వర్’ పెట్టండి. ఊహాత్మకమైన ఇఫ్ ముక్కలో ‘ఐ’కీ ‘హి’కీ కూడా ‘వర్’ రాయడం పద్ధతి.

మూడోదాని దగ్గర ఆగుదాం, ఇది చాలామంది చేసే పొరపాటు. ‘డై’ అనేది ఒక్క క్షణంలో జరిగిపోయే ఘటన. మొక్క చచ్చిపోయింది, అది గతం. దాని పక్కన ‘నౌ’ అతకదు. మీరు చెప్పదలుచుకున్నది ఘటన గురించైతే ‘నౌ’ తీసేయండి: “ఇట్ వుడ్ నాట్ హ్యావ్ డైడ్.” అది మామూలు థర్డ్. ఇప్పటి స్థితి గురించైతే క్రియ మార్చండి: “ఇట్ వుడ్ స్టిల్ బి అలైవ్.” ఇది మిక్స్‌డ్. ఇప్పటికి వచ్చే ఫలితాల్లో ఎక్కువగా స్థితిని చెప్పే మాటలో, సాగుతూ ఉన్న పనులో కనిపిస్తాయి: ‘వుడ్ బి’, ‘వుడ్ హ్యావ్ ఎ హౌస్’, ‘వుడ్ నో’, ‘వుడ్ బి వర్కింగ్’. చూశారా, ‘వుడ్ హ్యావ్ ఎ హౌస్’లో కూడా ‘హ్యావ్’ అసలు క్రియే, చంద్రుడి గాలి లాగా.

ఐదోదాన్ని చూసి సంతోషం వేసింది. నేను చెప్పకుండానే భవిష్యత్తుని కూడా కలిపేశారు. రేపు పరీక్ష ఉంది కాబట్టి నిన్న సాయంత్రం మ్యాచ్‌కి రాలేదు. కలయిక సరైనదే, రూపమే కొంచెం జారింది. “ఐ హ్యావ్ ఎన్ ఎగ్జామ్ టుమారో” అన్నదాన్ని కాదనాలి, ఒక మెట్టు దించాలి. ‘డు నాట్ హ్యావ్’ కాస్తా ‘డిడ్ నాట్ హ్యావ్’ అవుతుంది: “ఇఫ్ ఐ డిడ్ నాట్ హ్యావ్ ఎన్ ఎగ్జామ్ టుమారో, ఐ వుడ్ హ్యావ్ కమ్ టు ద మ్యాచ్ లాస్ట్ ఈవ్‌నింగ్.” రేపటి పరీక్షకి నిన్న మీ చేత మ్యాచ్ మాన్పించే శక్తి ఎలా వచ్చిందని మళ్లీ అడక్కండి. పరీక్ష ఉందన్న సంగతి నిన్నా నిజమే, ఇవాళా నిజమే.

16. నిశాచరి

ఒక అనుమానం. కాలం చెప్పే మాట ఏదీ లేకుండా ఇస్తే? “ఇఫ్ హి హ్యాడ్ లిజన్డ్ టు ద డాక్టర్, హి ______ హెల్తీ.” ఎ) వుడ్ బి, బి) వుడ్ హ్యావ్ బీన్. ఇలాంటిది నిజంగా ఒక చోట చూశాను. కీలో బి ఒక్కటే ఇచ్చారు.

17. అనువాదకురాలు

అది ప్రశ్న తయారు చేసినవాళ్ల తప్పు. ఆ వాక్యానికి రెండూ సరైన జవాబులే. మనిషి ఇప్పుడు మంచాన ఉంటే ‘వుడ్ బి’, అప్పట్లో జబ్బుపడి తర్వాత కోలుకున్నాడంటే ‘వుడ్ హ్యావ్ బీన్’. ముందో వెనకో ఇంకో వాక్యం ఇస్తే తప్ప తేల్చడానికి వీల్లేదు. అభ్యంతరం చెప్పే అవకాశం ఉంటే తప్పకుండా చెప్పండి. నిజంగా తెలిసినవాళ్లు ఆగిపోయి, బట్టీ పట్టినవాళ్లు మార్కు కొట్టేసే ప్రశ్న అది. అలాంటివి చూస్తే నాకు కోపం వస్తుంది.

18. రెండోబెంచి

నా చిట్కా ఇవాళ నన్నే దెబ్బకొట్టింది, అందుకే మళ్లీ వచ్చాను. ఈ బిట్: “ఇఫ్ షి హ్యాడ్ స్టార్టెడ్ ఎర్లియర్, షి ______ బై నౌ.” ఎ) వుడ్ రీచ్, బి) వుడ్ హ్యావ్ అరైవ్డ్. ‘నౌ’ కనబడింది కదా అని ఎ పెట్టాను. జవాబు బి అట. ‘నౌ’ ఉన్నా ‘వుడ్ హ్యావ్’ ఎలా వచ్చింది?

19. తెల్లకాగితం

ఇది నన్ను చెప్పనివ్వండి, తప్పైతే మాస్టారు దిద్దుతారు. ‘నౌ’ వేరు, ‘బై నౌ’ వేరు. ‘బై నౌ’ అంటే ఈపాటికి. “ముందే బయల్దేరి ఉంటే ఈపాటికి వచ్చేసి ఉండేది.” రావడం అనేది ఈ క్షణానికి ముందే అయిపోయి ఉండాల్సిన పని, మొక్క చచ్చిపోవడం లాగా. అయిపోయిన పని కాబట్టి ‘వుడ్ హ్యావ్ అరైవ్డ్’. వచ్చాక ఇక్కడ ఉండడం గురించి చెప్పాలంటే “షి వుడ్ బి హియర్ నౌ” అనాలి, అప్పుడు ఉత్త ‘వుడ్’. పైగా ‘రీచ్’ తర్వాత ఎక్కడికో చెప్పే మాట ఉండాలి, అది కూడా లేదు.

20. పాతబడిపంతులు

అక్షరాలా అంతే. నేను దిద్దాల్సింది ఏమీ లేదు.

21. రెండోబెంచి

అర్థమైంది. నోట్సులో “నౌ ఉంటే వుడ్” అన్న లైను కొట్టేసి, పక్కన “ఈపాటికి వచ్చేసి ఉండేది / ఇప్పుడు ఇక్కడ ఉండేది” అని రాసుకున్నాను.